ఆఫ్రికాలో ఆడవాళ్ళ చేలు: దిగుబడి ఎక్కడ జారిపోతోంది, భూమి కాగితంలో పేరుంటే ఏం మారుతుంది?

నల్లరేగడి (సోమవారం, ఉదయం 8:40)

ఆఫ్రికా దేశాల్లో ఆడా మగా తేడాల గురించి మాట్లాడితే మన చర్చ చట్టసభల సీట్ల దగ్గరో, ఆడపిల్లల చదువు దగ్గరో ఆగిపోతుంది. రువాండా దిగువ సభలో ఆడవాళ్ళు 2008లోనే సగం దాటారు, 2013లో 64 శాతానికి చేరారు. సంతోషమే. కానీ ఆ దేశాల్లో ఎక్కువమందికి బతుకు పొలం మీద. ఈ తేడా వల్ల దేశానికి ఎంత నష్టమో కూడా పొలంలోనే తేలుతుంది. అందుకే ఈ చర్చను పొలం గట్టు దాటనివ్వొద్దని మనవి.

మొదలుపెట్టడానికి ఒక లెక్క. 2015లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం, ప్రపంచ బ్యాంకు వగైరా కలిసి మూడు దేశాల మీద నివేదిక ఇచ్చాయి. ఆడవాళ్ళు చూసుకునే చేలలో దిగుబడి మగవాళ్ళ చేలకంటే మలావీలో 28 శాతం, టాంజానియాలో 16 శాతం, ఉగాండాలో 13 శాతం తక్కువ. ఆ తేడా పూడ్చగలిగితే ఏటా మలావీకి 10 కోట్ల డాలర్లు, టాంజానియాకి 10.5 కోట్లు, ఉగాండాకి 6.7 కోట్లు కలిసొస్తాయని అంచనా.

ఈ తేడా ఎందుకొస్తోంది? భూమి కాగితంలో ఆమె పేరు ఎక్కిస్తే పోతుందా? ఎక్కించే పనిలో ఎక్కడ తప్పులు జరుగుతున్నాయి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

వానచినుకు (సోమవారం, ఉదయం 9:15)

మంచి విషయం ఎత్తుకున్నారండీ. దీనికి ముందే ఒకటి చెప్పుకోవాలి. ఆఫ్రికాలో తిండిగింజల్లో 80 శాతం ఆడవాళ్ళే పండిస్తారు, భూమి మాత్రం వాళ్ళ చేతిలో 2 శాతమే ఉంది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

లెక్కలకట్ట (సోమవారం, ఉదయం 10:02)

వానచినుకు గారూ, మీ బాధ న్యాయమైందే గానీ ఆ రెండు అంకెలూ నిలబడేవి కావు. ఏళ్ళ తరబడి ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చారు. ఆరు దేశాల్లో ఇంటింటి సర్వేల్లో ఏ చేలో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో విడివిడిగా అడిగి కూడితే, పంట పనిలో ఆడవాళ్ళ వాటా సగటున 40 శాతం తేలింది. నైజర్‌లో 24 శాతం, ఉగాండాలో 56 శాతం. అంటే ఒకే ఖండంలో రెండింతలకు పైగా తేడా.

ఇది పట్టించుకోవాల్సిన తేడా. 80 శాతం నమ్మి నైజర్‌లో విత్తనాల పథకం పెడితే, అక్కడ ఆడవాళ్ళకు అసలు చేనే ఎందుకు దక్కడం లేదన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఉగాండాలో అదే పథకం ఇప్పటికే నడుం విరిగేలా పనిచేస్తున్న మనిషి నెత్తిన ఇంకో మూట పెడుతుంది.

ఇక 2 శాతం సంగతి. 'ఈ భూమి ఎవరిది' అన్న ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. కాగితంలో ఎవరి పేరుంది, ఏ పంట వెయ్యాలో ఎవరు చెప్తారు, అమ్మే హక్కు ఎవరికుంది. చాలా ఊళ్ళల్లో మగవాళ్ళ పేరు మీద కూడా కాగితం లేదు. ఆలుమగల ఉమ్మడి భూమి చాలాచోట్ల ఉంది. మూడు ప్రశ్నలూ విడివిడిగా అడిగినా ఆడవాళ్ళు వెనకబడే ఉన్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఎంత వెనక అన్నది దేశానికో రకం.

కొలతగొలుసు (సోమవారం, మధ్యాహ్నం 12:30)

నల్లరేగడి గారి మొదటి ప్రశ్నకు నాకు తెలిసిన అన్నిటికంటే గట్టి జవాబు బుర్కినా ఫాసో నుంచి వచ్చింది. దాని పుట్టుకకు మన పటాన్‌చెరుతో సంబంధం ఉంది. అక్కడి అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, దోకూరు లాంటి ఊళ్ళల్లో రైతు కుటుంబాల దగ్గర మకాం వేసి, ఏ మడిలో ఏం వేశారు, ఎంత కూలి, ఎంత ఎరువు అని రాయించడం మొదలుపెట్టింది. అదే పద్ధతిలో 1981 నుంచి బుర్కినా ఫాసోలో ఆరు ఊళ్ళల్లో రాయించారు.

అక్కడ ఒక ఇంట్లో ఇంటి పెద్ద చేలు వేరు, భార్యల చేలు వేరు. ఎవరి గింజలు వాళ్ళవి. కాబట్టి ఒకే ఇల్లు, ఒకే ఏడాది, ఒకే పంట, ఒకే రకం నేల తీసుకుని భర్త చేనూ భార్య చేనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అర్థశాస్త్రవేత్త క్రిస్టఫర్ ఉద్రీ 1996లో ఆ పని చేశారు. భార్య చేలో దిగుబడి తక్కువ వచ్చింది. ఆమెకు సాగు తెలియక కాదు. పశువుల ఎరువు దాదాపు మొత్తం మగవాళ్ళ చేలకే పోతోంది. మగవాళ్ళ కూలి, పిల్లల కూలి కూడా అటే. తన చేలో ఆమె ఒంటి కష్టం మాత్రం ఎక్కువే.

ఎరువును గానీ కూలిని గానీ ఒక చేలో కుమ్మరించుకుంటూ పోతే ఒక దశ దాటాక అదనపు బండికి అదనపు గింజ పెద్దగా రాదు. పక్క చేను ఆకలితో ఉంటే అదే బండి అక్కడ ఎక్కువ పండిస్తుంది. ఉన్న ఎరువునీ కూలినీ ఇంట్లోనే సర్దుకుంటే, పైసా అదనపు ఖర్చు లేకుండా దిగుబడి సుమారు 6 శాతం పెరిగేదని లెక్క తేలింది.

తూరుపుగాలి (సోమవారం, మధ్యాహ్నం 1:10)

ఇక్కడే నాకు అంతు చిక్కడం లేదు. ఇంటికి 6 శాతం లాభం ఉంటే, నాలుగు బండ్ల పెంట భార్య చేలో తోలడానికి భర్తకు ఏం అడ్డం? లేదంటే ఆ చేనేదో ఆయనే తీసుకుని సాగు చేసి, ఆమెకు కౌలు ఇవ్వొచ్చుగా?

కొలతగొలుసు (సోమవారం, మధ్యాహ్నం 2:25)

ఇల్లు ఒకటే గానీ ఖజానా ఒకటి కాదు తూరుపుగాలి గారూ. ఆ చేలో పండింది ఆమె చేతికే వెళ్తుంది. దాన్ని ఏం చెయ్యాలన్నది ఆమె ఇష్టం. లాభంలో వాటా వస్తుందన్న ఖాయం లేకపోతే ఆయన బండి అటు తిప్పడు.

మీరన్న కౌలు ఇంకా పెద్ద చిక్కు. ఆ చేను ఆమెకు భర్త వంశం వాళ్ళు వాడుకోమని ఇచ్చింది. రెండేళ్ళు భర్త దున్నితే అది ఆయన చేనైపోతుంది, మళ్ళీ నాదని అడగడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అందుకని నష్టమైనా సరే తానే దున్నుకుంటుంది.

ఈ భయాన్నే ఘానాలో ఇంకా తేటగా చూడొచ్చు. తూర్పు ప్రాంతం అక్వాపిమ్ సౌత్‌లో కర్రపెండలం, మొక్కజొన్న కలిపి వేస్తారు. ఎరువులు కొనేది తక్కువ, కొన్నేళ్ళు చేను పడావు పెడితేనే, అంటే విత్తకుండా వదిలేస్తేనే, నేలకు సత్తువ. భూమి వంశానిది, వాళ్ళు దాన్ని అబుసువా అంటారు. పడావు పడ్డ చేను చూసి 'నీకు అక్కర్లేదుగా' అని వంశపెద్దలు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఊళ్ళో ఏదో ఒక పదవి ఉన్నవాడి చేను జోలికి ఎవరూ పోరు, ఆయన నిశ్చింతగా పడావు పెడతాడు. పదవి లేని మగవాళ్ళు, అంతకంటే ఎక్కువగా ఆడవాళ్ళు, చేను పోతుందన్న భయంతో సత్తువ రాకముందే మళ్ళీ విత్తేస్తారు. 2008లో అచ్చైన ఈ పరిశోధన ప్రకారం ఒకే ఇంట్లో భార్య చేలో రాబడి తక్కువ రావడానికి ముఖ్య కారణం ఈ తక్కువ పడావే.

వానచినుకు (సోమవారం, సాయంత్రం 4:50)

లెక్కలకట్ట గారూ, సరిదిద్దినందుకు ధన్యవాదాలు.

కొలతగొలుసు గారి మాటకు మలావీ నుంచి ఒక తోడు. దక్షిణ మలావీలో చాలాచోట్ల భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది, పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు. ఈ పద్ధతిని చికమ్విని అంటారు. అక్కడ వెనకాడేది మగవాడు. చెట్టు నాటడు, గట్టు కట్టడు. రేపు భార్య పోయినా, విడిపోయినా ఉత్త చేతులతో పుట్టిన ఊరికి వెళ్ళిపోవాలిగా. 'ఆడవాళ్ళు భూమి మీద పెట్టుబడి పెట్టరు' అనే మాట ఎంత తప్పో ఇక్కడ తేలిపోతుంది. పోతుందనుకున్న భూమి మీద ఎవరూ పెట్టరు. ఖండంలో ఎక్కువచోట్ల ఆ భయం ఆడవాళ్ళ వంతుకు వచ్చింది, అంతే.

లెక్కలకట్ట (సోమవారం, సాయంత్రం 5:20)

అయితే మలావీలోనే దిగుబడి తేడా 28 శాతం అన్నది కూడా నిజమే. దాన్ని విడగొట్టి చూస్తే ఎక్కువ భాగం మూడు చోట్ల దొరుకుతుంది. పొగాకు లాంటి అమ్మకపు పంటలు ఆడవాళ్ళ చేలలో తక్కువ, ఎరువులు, పనిముట్లు తక్కువ, ఇంట్లో పనికొచ్చే మగమనిషి లేకపోవడం. కాబట్టి కాగితం ఒక్కటే మందు అనుకోకండి. కూలి, ఎరువు, పంట ఎంపిక కూడా కలవాలి.

గట్టుమీద (సోమవారం, రాత్రి 9:05)

మగమనిషి కూలి అన్నారు కాబట్టి ఇథియోపియా సంగతి చెప్పి తీరాలి. కాగితం ఏ దారిన పనిచేస్తుందో అక్కడ కళ్ళకు కడుతుంది.

ఉత్తర ఇథియోపియాలో ఎడ్లు కట్టి మరేషా నాగలితో దున్నడం ఆడవాళ్ళకు నిషిద్ధం. కలుపు తీస్తారు, కోస్తారు, కుప్ప నూరుస్తారు, నాగలి మేడి మాత్రం పట్టకూడదు. భర్త చనిపోయిన ఆమెకు, విడిపోయిన ఆమెకు భూమి ఉన్నా దున్నే చెయ్యి లేదు. పాలుకు, అంటే పంటలో వాటా మాట్లాడుకుని దున్నేవాడికి, ఇవ్వక తప్పదు. ఎవరికిస్తుంది? బాగా దున్నేవాడికి ఇవ్వాలనే ఉంటుంది. కానీ బయటివాడు రెండేళ్ళు దున్ని నాదంటే? మరుదులకో, వాళ్ళ కొడుకులకో ఇస్తుంది. వాళ్ళను మార్చే ధైర్యం ఆమెకు లేదని వాళ్ళకూ తెలుసు. వాళ్ళ సొంత చేలు దున్నుకున్నాకే ఈమె చేనుకి వస్తారు. అప్పటికి అదను దాటిపోతుంది. ఆడవాళ్ళు పాలుకిచ్చిన చేలలో దిగుబడి తక్కువని తేలినచోట దాని వెనక ఈ కథ ఉంది.

అక్కడి టిగ్రాయ్ ప్రాంతంలో 1998–99లో భూమి పత్రాలు ఇచ్చారు. పని చాలా చవగ్గా చేశారు. తాడుతో కొలిచారు, పటం గీయలేదు, నాలుగు వైపులా ఎవరి చేలున్నాయో పేర్లు రాసుకున్నారు. ఖర్చు ఒక్కో మడికి సుమారు 1 డాలరు. ఆ ఒక్క కాగితంతో ఆడవాళ్ళు పెద్దలుగా ఉన్న కుటుంబాలు పాలుకు ఇవ్వడం పెరిగింది. దున్నేవాణ్ణి ఎంచుకునే ధైర్యం వచ్చింది.

లోపం ఏమిటంటే టిగ్రాయ్ పత్రంలో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాశారు. ఒంటరి ఆడవాళ్ళకు మేలు జరిగింది, భర్త ఉన్న ఆమె పేరు మాత్రం ఎక్కలేదు. 2003 తర్వాత అమ్హారా, దక్షిణ ప్రాంతాల్లో మొదలుపెట్టినప్పుడు దీన్ని దిద్దుకుని భార్యాభర్తలిద్దరి పేర్లూ ఫోటోలూ పెట్టారు. చదవడం రాని మనిషికి పుస్తకంలో తన ఫోటో కనపడటం చాలా పెద్ద విషయం. అందులో తాను ఉన్నదీ లేనిదీ ఇంకొకరిని అడగక్కర్లేదు.

తూరుపుగాలి (మంగళవారం, ఉదయం 7:30)

ఇద్దరు భార్యలుంటే?

గట్టుమీద (మంగళవారం, ఉదయం 7:55)

కొన్నిచోట్ల భర్త పేరు మొదటి భార్యతో కలిపి రాసి, రెండో ఆమెకు విడిగా తన పేరు మీదే పత్రం ఇచ్చారు. రెండో ఆమె ఒక విధంగా నయం, ఆమె భాగంలో ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. విడి పత్రం ఇవ్వనిచోట మాత్రం ఆమె మొత్తంగా బయటే.

కొలతగొలుసు (మంగళవారం, ఉదయం 11:15)

రువాండా పద్ధతి వరుసగా రాస్తాను. ఇంత తక్కువ కాలంలో దేశం మొత్తాన్నీ పటాలతో సహా నమోదు చేసిన దేశాలు ఆఫ్రికాలో అరుదు.

పునాది 1999 వారసత్వ చట్టం. కూతురికి కొడుకుతో సమానంగా వాటా, చట్టప్రకారం పెళ్ళైన భార్యకు ఆస్తిలో హక్కు. 2005లో భూమి చట్టం, 2007–08లో నాలుగు సెల్స్‌లో ప్రయోగం. సెల్ అంటే కొన్ని ఊళ్ళ గుంపు. 2009 నుంచి 2013 లోపు దేశమంతా 1 కోటికి పైగా కమతాలు నమోదయ్యాయి. ఒక్కోదానికి ఖర్చు 6–7 డాలర్లు, రైతు దగ్గర తీసుకున్నది 1,000 రువాండా ఫ్రాంకులు.

పని నడిచిన తీరు ఇది. ముందు ఊరి సభ పెట్టి ఏ రోజు ఏ వైపు కొలుస్తారో చెప్తారు. సెల్‌లోనే భూమి కమిటీ ఉంటుంది. స్థానిక యువతీ యువకులకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి కొలతకు పంపుతారు. చేతిలో గొలుసు ఉండదు, విమానం నుంచి తీసిన ఫోటో అచ్చు కాగితం ఉంటుంది. చేనుగల మనిషి, చుట్టుపక్కల చేలవాళ్ళు, కమిటీ మనిషి కలిసి గట్టు వెంట నడుస్తారు. ఫోటోలో ఆ గట్టు కనిపిస్తూనే ఉంటుంది, పెన్నుతో గీత గీస్తారు, నంబరు వేస్తారు. అక్కడే హక్కుదార్ల పేర్లు రాసి చీటీ చించి చేతికిస్తారు. తగాదా ఉంటే వేరే పుస్తకంలోకి. తర్వాత ఆ గీతల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పటాన్నీ పేర్ల జాబితానీ ఊళ్ళో పెడతారు. అభ్యంతరాలకు గడువు 60 రోజులు. అది ముగిశాకే పత్రం.

ఫలితం ప్రయోగం జరిగిన సెల్స్‌లోనే కనిపించింది. సరిహద్దుకు ఇటువైపు చేలనూ అటువైపు చేలనూ పోల్చితే, నమోదైన చేలలో నేల కొట్టుకుపోకుండా గట్లు, కందకాలు పెట్టడం, ఉన్నవి బాగుచేసుకోవడం బాగా పెరిగింది. ఆడవాళ్ళు పెద్దలుగా ఉన్న ఇళ్ళల్లో ఈ పెరుగుదల మరీ ఎక్కువ. అంతవరకూ భూమి పోతుందన్న భయం వాళ్ళనే ఎక్కువ పట్టి ఉంచిందన్నమాట. పత్రం రాగానే పేదలు భూములు తెగనమ్ముకుంటారని చాలామంది భయపడ్డారు, అదీ జరగలేదు.

వానచినుకు (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

కొలతగొలుసు గారూ, మీరు వదిలేసిన ముక్క ఒకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఆ నాలుగు సెల్స్‌లో చట్టప్రకారం నమోదైన పెళ్ళిళ్ళు సుమారు 76 శాతం. మేలు జరిగింది వాళ్ళకే. మిగతా ఇళ్ళల్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసినా, నలుగురు పిల్లలున్నా, పెళ్ళి నమోదు లేదు గనుక ఆమె పేరు రాసే గడి లేదు. కాగితం లేనప్పుడు ఊరందరి దృష్టిలో ఆమెకు ఉన్న పాటి హక్కు కూడా, కాగితం వచ్చాక పోయింది.

కొలతగొలుసు (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

ఒప్పుకుంటున్నానండీ, రాయాల్సిందే. నేను ఇంకోటి కూడా కలుపుతాను. మొదటి నమోదు 1,000 ఫ్రాంకులకు అయిపోయింది. తర్వాత అమ్మకానికో వారసత్వానికో పేరు మార్చాలంటే 30,000 ఫ్రాంకుల స్థిర రుసుము ఉండేది. చిన్న మడి ధరలో అది చాలా పెద్ద భాగం. దాంతో జనం తెల్లకాగితం మీద రాసుకుని ఊరుకున్నారు. భర్త చనిపోయినా పత్రం పాత పేరు మీదే ఉంటుంది. పదేళ్ళకు రికార్డు ఒక దారి, పొలం ఒక దారి. నమోదు ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. మార్పుల రుసుము ఎంతో మొదటిరోజే ఆలోచించాలి.

నల్లరేగడి (మంగళవారం, సాయంత్రం 6:10)

పెళ్ళి నమోదు లేని ఆమె సంగతి విన్నాక మనసు చివుక్కుమంది. చట్టాన్నే ఆ విధంగా రాస్తే సరిపోదా? ఆలుమగలకు భూమి ఉమ్మడి అని ఒక్క వాక్యం.

లెక్కలకట్ట (మంగళవారం, రాత్రి 8:00)

ఆ ఒక్క వాక్యం ఉగాండాలో ఏమైందో చూడండి. 1998 భూమి చట్టంలో భార్యాభర్తల ఉమ్మడి హక్కు నిబంధనను పార్లమెంటులో మిరియా మటెంబే లాంటి మహిళా సభ్యులు పట్టుబట్టి చర్చించారు, ఆమోదం పొందింది. చట్టం అచ్చై బయటికి వచ్చాక చూస్తే ఆ నిబంధన లేదు. అక్కడ దాన్ని 'తప్పిపోయిన నిబంధన' అనే పిలుస్తారు. మిగిలింది, కుటుంబం ఉండే, బతికే భూమిని అమ్మాలంటే భార్య సమ్మతి కావాలన్నది. 2004 సవరణలో కొంత బలం చేకూర్చారు. కానీ సమ్మతి అంటే వద్దనే హక్కు మాత్రమే. భాగం అడిగే హక్కు కాదు. పైగా అదీ చట్టప్రకారం భార్య అయినామెకే.

కోర్టులు కొన్నిచోట్ల గట్టిగా నిలబడ్డాయి. టాంజానియాలో హయా తెగకు చెందిన హొలారియా పాస్తోరి తండ్రి వీలునామాతో వచ్చిన భూమిని అమ్మితే, ఆడది వంశం భూమి అమ్మకూడదని వంశం మనిషి కేసు వేశాడు. 1990లో హైకోర్టు ఆ ఆచారం రాజ్యాంగానికి విరుద్ధమంది. బోట్స్‌వానాలో ఎడిత్ మ్ముసి తన అక్కచెల్లెళ్ళతో కలిసి పుట్టింటి కోసం పోరాడి 2012లో హైకోర్టులో, 2013లో అప్పీలులో గెలిచారు. లెసోతోలో 2006 చట్టం వచ్చేదాకా పెళ్ళైన ఆమె చట్టం దృష్టిలో మైనరు. భర్త అనుమతి లేకుండా అప్పు పత్రం మీద సంతకం చెల్లేది కాదు.

ఇవన్నీ గొప్ప విజయాలు. కానీ ఊళ్ళో కొలతకు వచ్చిన మనిషి చేతిలో తీర్పు ఉండదు, ఫారం ఉంటుంది. ఆ ఫారంలో హక్కుదారు అని ఒకే గీత ఉంటే ఒకే పేరు రాస్తాడు.

గట్టుమీద (మంగళవారం, రాత్రి 9:20)

లెక్కలకట్ట గారి చివరి మాట ముమ్మాటికీ నిజం. ఆ గీత దగ్గర చిన్న తాయిలం పెడితే ఎంత తేడా వస్తుందో దార్ ఎస్ సలామ్‌లో చూశారు. కినొండొని ప్రాంతంలో పట్టాలు లేని బస్తీ. పట్టా రుసుములో రాయితీ కూపన్లు ఇచ్చారు, ఎవరికి ఎంత రాయితీ అన్నది లాటరీ పద్ధతిలో. కొన్ని కూపన్లు మామూలువి. కొన్నిటికి ఒక షరతు: పట్టాలో ఒక స్త్రీ పేరు హక్కుదారుగా ఉంటేనే చెల్లుతుంది.

షరతు పెడితే జనం పట్టానే వద్దంటారని భయం ఉండేది. కొనేవాళ్ళ సంఖ్య దాదాపు తగ్గలేదు. షరతు ఉన్నచోట భార్య పేరు చేర్చడం మాత్రం ఎంతో పెరిగింది. అంటే చాలా ఇళ్ళల్లో భర్త మొండికేసి ఆపుతున్నది కాదు. ఎవరూ అడగలేదు, అడిగే కారణం లేదు. రుసుము తగ్గుతుందంటే రాయించేశారు. నా దృష్టిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చిన ఉపాయం ఈ రంగంలో ఇంకోటి లేదు.

మూడుతాళాలు (బుధవారం, ఉదయం 6:45)

మీరంతా భూమి దగ్గరే ఉన్నారు. కొలతగొలుసు గారు చెప్పిన 'ఇల్లు ఒకటే, ఖజానా ఒకటి కాదు' అన్న మాటను డబ్బు వైపు నుంచి కూడా చూడాలి. పేరు ఎక్కినా విత్తనానికీ దున్నకానికీ డబ్బు ఆమె చేతిలో ఉండాలిగా.

నైజర్‌లోని మరాదిలో 1991లో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన 'మాతా మాసు దుబారా' సంఘాల నుంచి నేటి గ్రామ పొదుపు సంఘాలు పుట్టాయి. మన డ్వాక్రా సంఘాలు తెలిసినవాళ్ళకు ఇది సగం పరిచయమే. మిగతా సగమే అసలు తేడా. మన దగ్గర పొదుపు పేరుకుంటూ పోతుంది, బ్యాంకు లింకేజీతో అప్పు వస్తుంది. అక్కడ బ్యాంకు లేదు, బయటి పైసా లేదు. ఏడాది తిరిగేసరికి ఉన్నదంతా పంచుకుని సున్నా నుంచి మళ్ళీ మొదలు.

సంఘంలో 15 నుంచి 25 మంది. ఇనప పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. సమావేశంలో తప్ప తెరవరు, లెక్కింపు అందరి కళ్ళ ముందే. ప్రతి సమావేశంలో ఒక్కొక్కరు 1 నుంచి 5 వాటాలు కొనొచ్చు. కొన్నన్ని ముద్రలు పాసుపుస్తకంలో పడతాయి. చదువు రాకపోయినా ముద్రలు లెక్కపెట్టుకోవచ్చు. అప్పు తన వాటాలకు మూడింతల దాకా, గడువు సాధారణంగా మూడు నెలలు, వడ్డీ నెలకు 5 నుంచి 10 శాతం. ఆ వడ్డీ తిరిగి వాళ్ళకే వస్తుంది. జబ్బుకూ చావుకూ వేరే చిన్న నిధి ఉంటుంది, దాన్ని అప్పుల డబ్బుతో కలపరు.

పంపకం లెక్క ఉదాహరణకు: వాటా 500 షిల్లింగులు, 20 మంది కలిపి ఏడాదికి 2,400 వాటాలు కొన్నారు, అంటే 12 లక్షలు. వడ్డీలు చేరి పెట్టెలో 15 లక్షలుంటే ఒక్కో వాటాకు 625. ఎవరి ముద్రలు ఎన్నో అంత.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, వాటా ధర ఎక్కువ పెడితే. కోతలప్పుడు నిర్ణయించిన ధర గింజలు అయిపోయే నెలల్లో పేదామెకు అందదు, సిగ్గుతో మానేస్తుంది. వాటా ధర ఎప్పుడూ అందరికంటే లేని మనిషి గడ్డు నెలను చూసి పెట్టాలి. రెండో తప్పు, పంపకానికి నెల ముందు కూడా అప్పులివ్వడం. ఆ నెలలో అప్పులు ఆపి పాతవి రాబట్టకపోతే పంపకం రోజు పెట్టెలో డబ్బు బదులు పేర్లుంటాయి. మూడో సంగతి తేదీ. పంపకం విత్తులకు ముందు పడితే డబ్బు ఎరువులోకి వెళ్తుంది. పండగ ముందు పడితే పండగలోకి వెళ్తుంది.

లెక్కలకట్ట (బుధవారం, ఉదయం 8:30)

మూడుతాళాలు గారూ, చాలా బాగా రాశారు. ఫలితాల అంకెలు కూడా ఉన్నవి ఉన్నట్టు పెడదాం. ఘానా, మలావీ, ఉగాండాల్లో ఈ సంఘాల మీద చేసిన పెద్ద పరిశీలన 2017లో వచ్చింది. పొదుపు, అప్పు అందుబాటు పెరిగాయి, ఆడవాళ్ళ చిన్న వ్యాపారాలు మెరుగుపడ్డాయి, ఇంట్లో మాట చెల్లుబాటు పెరిగింది. కానీ ఇంటి సగటు ఖర్చు పెరగలేదు. సంఘం పెడితే పేదరికం పోతుందని చెప్పడానికి ఆధారం లేదు.

పశ్చిమ కెన్యా బుమాలా ఊళ్ళో ఇంకా సూటిగా కనిపించింది. సంతలో అమ్ముకునే ఆడవాళ్ళకు ఉచితంగా బ్యాంకు ఖాతా తెరిచారు. వడ్డీ లేదు, పైగా తీసినప్పుడల్లా రుసుము. అంటే డబ్బు దాచుకున్నందుకు వీళ్ళే ఎదురు కట్టాలి. అయినా వాడారు, వ్యాపారంలో పెట్టుబడి 38 నుంచి 56 శాతం పెరిగింది. సైకిల్ టాక్సీ తొక్కే మగవాళ్ళకు ఇచ్చిన అదే ఖాతాతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, ఖాతాలో ఉంటే అడగరు. ఎదురు కట్టి మరీ కొనుక్కున్నది ఆ అడ్డుగోడనే అనుకుంటున్నాను.

తూరుపుగాలి (బుధవారం, ఉదయం 9:45)

ఫోన్‌తో డబ్బు దాచుకునే, పంపుకునే ఎం-పెసా కూడా ఇదే కోవలోదేగా?

లెక్కలకట్ట (బుధవారం, ఉదయం 9:58)

అవునండీ. 2007లో కెన్యాలో మొదలైంది. 2016లో వచ్చిన అంచనా ప్రకారం దానివల్ల 1,94,000 కుటుంబాలు కటిక పేదరికం దాటాయి, అంటే కెన్యా ఇళ్ళల్లో 2 శాతం. 1,85,000 మంది ఆడవాళ్ళు సొంత తిండికి మాత్రమే సరిపోయే సాగు వదిలి వ్యాపారంలోకి వచ్చారు.

నల్లరేగడి (బుధవారం, మధ్యాహ్నం 3:15)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చివరిగా ఒకటే అడుగుతాను. రేపు ఏదో ఒక జిల్లాలో భూమి నమోదు మొదలవుతోంది అనుకుందాం. గట్టు వెంట నడిచే ఆ యువకుడి చేతిలో పెట్టే ఫారంలో ఏమేం ఉండాలి?

గట్టుమీద (బుధవారం, సాయంత్రం 5:40)

హక్కుదార్లకు కనీసం నాలుగు గీతలు. మొదటి గీత 'ఇంటి పెద్ద' అని కాకుండా 'ఈ చేను సాగుచేసే, దీనిమీద బతికే పెద్దవాళ్ళందరూ' అని ఉండాలి. పెళ్ళి నమోదు అయ్యిందా లేదా అన్న గడి పేరు గడి తర్వాత రావాలి. ముందు వస్తే 'లేదు' అని టిక్కు పెట్టి పేరు రాయకుండానే వెళ్ళిపోతాడు. రెండో భార్య ఉంటే ఆమె దున్నే మడికి వేరే నంబరు, వేరే ఫారం. ఎవరి పేరు ఎలా రాయాలో వాళ్ళ గుర్తింపు కార్డు చూసి రాయాలి. ఒక్క అక్షరం తేడాతో తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆమే.

వానచినుకు (బుధవారం, సాయంత్రం 6:05)

ఫోటో గడులు రెండు. కొలత రోజు ముందురోజు రాత్రి ఊరి సభలో చెప్పినా సరిపోదు. నీళ్ళ రేవు దగ్గరా సంత దగ్గరా చెప్పాలి, సభకు మగవాళ్ళే వస్తారు. కొలిచే జట్టులో ఒక అమ్మాయి తప్పనిసరి.

కొలతగొలుసు (బుధవారం, రాత్రి 8:20)

నాది ఒక్కటే. హక్కు చీటీ రెండు ప్రతులు చించాలి, ఒకటి ఆయన చేతికి, ఒకటి ఆమె చేతికి, గట్టు మీదే. 60 రోజుల అభ్యంతరాల గడువులో జాబితా గోడకు అంటించి వదిలేస్తే చదవడం రానివాళ్ళకు ఉన్నా లేనట్టే. కమిటీ మనిషి వారానికి ఒకరోజు అక్కడ కూర్చుని, వచ్చినామెకు ఆమె చేను నంబరూ దానికెదురుగా ఉన్న పేర్లూ గట్టిగా చదివి వినిపించాలి.